రెండో పోత

సాల్మియాలో ఐదో అంతస్తు వంటింట్లో
మైనం ఎనభై దగ్గరుంది.
ముల్లు డెబ్భైకి దిగేదాకా ఊదు నూనె పోయగూడదు,
పోస్తే వాసనంతా ఆవిరై సీలింగుకు అంటుకుంటుంది,
దాంతోబాటు డబ్బులూ, అంటుంది నౌరా మేడం.
నేను మామా అంటాను. ఇక్కడ అందరం అట్లే అంటాం.
దస్తగిరమ్మ అనడానికి నోరు తిరక్క
ఆమె నన్ను దస్తా అంటుంది.

గిన్నెలో నీళ్లు, నీళ్లలో ఇంకో గిన్నె.
మంట మైనాన్ని తాకగూడదు.
మా చిన్నమ్మ బెల్లం పాకం పట్టేటప్పుడు కూడా
ఇంత భయపడింది లేదు.

గ్లాసు నడిమధ్యన ఒత్తిని నిలబెట్టడం నా పని.
మామా తెప్పించిన క్లిప్పులు జారిపోతుంటే
ఒకనాడు నెత్తిలోంచి పిన్ను తీసి ఇరికించాను.
ఇప్పుడు నా పిన్నులన్నీ మైనం పట్టినవే.
శుక్రవారం తల దువ్వుకుంటే
దువ్వెన గులాబీ వాసన కొడుతుంది.

బయట నలభై తొమ్మిది.
మొన్న డెలివరీ అబ్బాయి కారులో అరగంట వదిలేస్తే
మొగ్గల అచ్చులో పోసిన ఇరవై కొవ్వొత్తులు
ఈ దేశంలో దొరకని మందు తాగినట్టు
ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయాయి.
మామా ఏడ్చింది. నేను నవ్వు ఆపుకోలేక
ఫ్రిజ్ తలుపు తెరిచి అందులో తల పెట్టాను.

కొనేవాళ్లున్నారు, ఒకటి నాలుగు దినార్లు.
ఈ బిల్డింగులో రెండేళ్లుగా కరెంటు పోలేదు.
అన్ని లైట్లూ వేసి, ఏసీ పద్దెనిమిదిలో పెట్టి
దాని ముందు కొవ్వొత్తి ముట్టిస్తారు.

మా నందలూరులో అది రూపాయి వస్తువు.
బోర్లించిన గ్లాసు మీద రెండు బొట్లు కార్చి
అదిమి పట్టుకుంటే నిలబడేది.
దాని కింద తొమ్మిదో తరగతి లెక్కలు,
కాలిన ఈగ, మా అక్క ముంగురుల చివర.
వాసన ఎవరు చూశారు?

కొత్త సీసాలొచ్చిన రోజు మామా అడిగింది.
దస్తా, మీ ఊరు ఏం వాసనొస్తుంది?
చెప్పు, చేద్దాం. మల్లెలా? గంధమా?

చాలాసేపు ఆలోచించాను.
వచ్చిందోయ్ అని వీధంతా ఒక్కసారి అరిచినప్పుడు
ఎవరో ఒకరు ఉఫ్ అని ఊదేస్తే
ఒత్తి మీంచి లేచే సన్నటి పొగ.
కాలిన నూలు కొంచెం, కమురు కొంచెం.
అది ముక్కుకు తగిలిందంటే ఇక ఫ్యాను తిరుగుతుంది,
ఆగిన సీరియల్లో ఆమె చెంపదెబ్బ తినేసి ఉంటుంది,
ఎవరు కొట్టారో మాకు ఎప్పటికీ తెలీదు.

నా అరబ్బీ అంత దూరం పోదు.
గంధం, అన్నాను.
జేన్, అని రాసుకుంది.

చల్లారేటప్పుడు ఒత్తి చుట్టూ గుంత పడుతుంది.
ఎంత నెమ్మదిగా పోసినా పడుతుంది.
అది తప్పు కాదంట, మైనం గుణమంట.
మళ్లీ ఇంత కరిగించి, పైపైన, వణక్కుండా పోయాలి.
ఆ రెండో పోత మామా నాకే వదిలేస్తుంది.
నా బతాకా కూడా పోయిన వారమే
ఇంకో రెండేళ్లకు మార్పించారు.
వేలిముద్ర సరిగ్గా పడక
ఆఫీసరు నా బొటనవేలు నాలుగుసార్లు తుడిచాడు.
మైనం అని చెప్పలేదు నేను.

గిన్నె అంచుల్లో గోకిన పెచ్చులన్నీ
ఒక టూనా డబ్బాలో దాచాను.
ఊదు, గులాబీ, గంధం, ఇంకేందో
కలిసి, పేరు లేని ఒక మట్టిరంగు.
ఒత్తికి మాపు దారం, మూడు పేటలు పేనింది.

రాత్రి నా గదిలో ముట్టించాను.
లైటు ఆర్పలేదు. ఎక్కువసేపు ఉంచలేదు.
ఒంగి, ఉఫ్ అన్నాను.

తలుపవతల మామా గొంతు:
దస్తా, ఏదో కాలుతోందా?

లా, మామా.
ఆ తర్వాత, మెల్లగా, తెలుగులో, ఎవరితోనూ కాకుండా:
కరెంటొచ్చింది.