బిందె మచ్చ

చీమలు బారు గడితె ఊడ్వకు.
గడప మీద సన్నగ పసుపు గీత గియ్యి,
వాటికి తొవ్వ మర్సిపోతది.
బియ్యంల పురుగు వడకుంట
నాలుగు ఎండు మిరపకాయలు, గుప్పెడు యాపాకు.
ఆకు నీడకు ఆరాలె, పచ్చిది గాదు.
పచ్చి ఆకే ఏసి మా అండాలు
అర సంచి బియ్యం బూజు వట్టిచ్చింది.

మగ్గం గుంటల కాళ్లు వెట్టి కూసున్నోళ్లకు
దోమలే పెద్ద అప్పులోళ్లు, పిక్కలు ఇడ్వయి.
బత్తాయి తొక్కలు పారెయ్యకు.
రాలిన కాయ తోటలోళ్లు ఊకెనే ఇస్తరు,
కాయ పోరగాండ్లకు, తొక్క మనకు.
ఎండినంక పిడక నిప్పు మీద రెండేస్తె
గుంటల పొగ నిలవడ్తది.
దోమ పోతది, మా ఆయన దగ్గుతడు.
రెండిట్ల ఏది మేలో నువ్వే సూస్కో.

సీతాఫలం గింజల పొడి పేలకు మందట,
పాలమూరు దిక్కు నించి వచ్చిన మా తోటికోడలు చెప్పింది.
కండ్లల్ల పడితె కండ్లే పోతయని గూడ
తనే చెప్పింది, శానా సేపటికి.
నేనైతె దువ్వెనతోటే ఎల్లదీస్త.
ఎరికైన చిట్కాలన్ని చెయ్యాల్నని ఏం లేదు.

చండూరుల మా వాడకట్టంత నా దగ్గరికే వస్తది.
పంటి పోటుకు లవంగం,
పసిపిల్లల కడుపుబ్బరానికి బొడ్డు సుట్టు ఇంగువ,
నూలు రంగు ఏళ్లకంటితె నిమ్మచెక్క.
పొద్దుమూకి వచ్చినా చెప్పి పంపుత.

ఇగ బిందె సంగతి.
మా బోరు నీళ్లు నీళ్ల లెక్క కనవడ్తయి గని
నెల తిరగక ముందే లోపట తెల్ల పొర,
అంచు పొంటి ఇటుక రంగు చార.
చింతపండు నానవెట్టు, గల్లుప్పు ఎయ్యి,
కొబ్బరి పీసుతోటి మూడు సుట్లు గుండ్రంగ రుద్ది
జరంత సేపు ఆగు. ఆగుడే అసలు పని.
కడిగితె బిందెల నీ మొగం నీకు కనవడ్తది.

మొన్న పొద్దుగాల అట్లనే తోముతున్న.
స్వరూప అరుగు మీద కూసొని సూసింది.
ఏడో తరగతి. తెల్లారి బడిల ఫోటో.
ఏమనలె, సూసుకుంటనే ఉన్నది.

మాపటికి దొడ్లె కుడితి గోలెం ఎనుక చప్పుడైతె
పిల్లి అనుకొని పోయిన.
చేతిల నా చింతపండు గిన్నె,
మూతి నిండ ఉప్పు,
ఏలుకు సుట్టుకున్న కొబ్బరి పీసు.
పండ్లు రుద్దుతున్నది.
మూడు సుట్లు, గుండ్రంగ, ఆగి, మళ్ల మూడు.
చిగుర్లు చిట్లి
నెత్తురు గదుమ మీదికి దిగింది.

"బిందెది పోయింది గదనే అమ్మా,
గవే నీళ్లు గద" అన్నది.

వాడకట్టుకంత చెప్పేదాన్ని,
నా నోట్లె మాట లేదు.
బిందెకు పైన పట్టింది బిడ్డా,
నీకు లోపట మొలిసింది,
నువ్వు నా పాలిడిసి గ్లాసు వట్టిన్నాటి నించి –
అందామనుకున్న.
అనలె.
నా పండ్లు గూడ అట్లనే ఉంటయి,
నేను కొంగు అడ్డం పెట్టుకొని మాట్లాడ్త, అలవాటు.

గోరెచ్చటి నీళ్లల్ల ఉప్పేసి పుక్కిలిపట్టిచ్చిన.
నెత్తురు ఆగింది.
అవి గూడ బోరు నీళ్లే.

ఫోటో దిగొచ్చినంక నవ్విందో లేదో నేనడగలె.
తనే చెప్పింది:
"ఆయన నవ్వుండ్రి, నవ్వుండ్రి అని మొత్తుకుండే,
మా తరగతి తరగతంత
మూతి బిగవట్టి నిలవడ్డమే!
సారు గూడ బిగవట్టిండు!"
సారు నిలవడ్డ తీరు నిలవడి సూపెట్టి
ఇరగబడి నవ్వింది, చెయ్యి అడ్డం లేకుంట,
మచ్చలన్ని ఎండకు మెరిసినయి.

నేను గూడ నవ్విన.
కొంగు యాదికి రాలె.

గింతల నల్లా కాడ బిందె నిండి పొర్లింది.
వచ్చే ఐతారం మళ్ల తోమాలె.
చింతపండు ఒడిసింది, తెప్పియ్యాలె.