నాలిక, పళ్లు

మూడు దినాల నుంచి పలకడం లేదంట పెన్‌డ్రైవు.
ఫోన్లో గుమాస్తా లాలెప్ప గొంతు ఎండిపోయింది.
"కూలి లెక్కంతా దాంట్లోనే ఉండాది సా.
శనివారం పాయె, ఆదివారం పాయె,
పాలీషోళ్లు గేటుకాడ కూచోనుండారు."

తాడిపత్రి బస్టాండులో షేరాటో ఎక్కితే
నున్నటి బండల నడుమ గతుకుల దావ.
ఇరుపక్కలా ఆనించిన నల్లబండలు
అమ్ముడుపోని నీడల మాదిరి.
ఫ్యాక్టరీలో రంపం ఆగదు;
నీళ్లూ రాతిపొడీ కలిసి
కాలవలో పాలమాదిరి పోతాంటాయి.

కంప్యూటరును చూస్తే
పిండిమరలో పుట్టి పెరిగినట్టుంది.
కరెంటు తీసి బల్ల కిందికి దూరినాను,
నోట్లో టార్చి.
వెనకపక్కంతా ఒకటే బూడిద.
నల్లది ఏదో, నీలంది ఏదో,
దుమ్ము అన్నిటికీ ఒకే ఇంటిపేరు పెట్టేసింది.

అప్పుడు కనపడింది.
నెట్ వైరు పెట్టే బొక్కలో ఉంది పెన్‌డ్రైవు.
ఎంత కుదురుగా కూచుందో!
వదులు లేదు, బిగువు లేదు,
కొలత తీసి కుట్టినట్టు.

లాలెప్పను తప్పు పట్టను.
దాని సొంత బొక్కలోనైతే
ఒకసారి పెడితే పట్టదు,
తిప్పి పెడితే పట్టదు,
మళ్లా మొదట పెట్టినట్టే పెడితే పడుతుంది.
ఈ పక్కింటిది మాత్రం
రా రా అని లోపలికి పిలిచింది.
పిలిచి, మూడు దినాలు
మంచినీళ్లు కూడా అడగలేదు.

బ్రష్షుతో ఊడ్చి, బ్లోయరు పట్టినాను.
పొడి లేచి, రంగులు ఒకటొకటే బయటపడినాయి.
వాకిట్లో నిలబడినోళ్లు లోపలికొచ్చినారు.
"ఏంది నాయనా అవి, చీమల పుట్టలా?"
పాలీషు సుంకులమ్మ అడిగింది.

చెప్పినాను.
నల్ల నాలికవి పాతవి, నిదానం,
మౌసుకూ కీబోర్డుకూ అవి చాలు.
నీలం నాలికది ఉరుకుతాది,
పెద్ద లెక్కలు దాంట్లో పెట్టాల.
ఈ ఎర్రది మిషను పండుకున్నా మేలుకోనుంటాది,
ఫోనుకు కరెంటు పోసేది అదే.
ముందరపక్క, వడ్లగింజంత, అంచులు గుండ్రం,
దానికి బోర్లా వెల్లకిలా అనేది లేదు,
ఎట్ల పెట్టినా సరే అంటుంది.
పక్కన మూడు కొసల సూలం గుర్తు ఉంటే
అది మన కులమే అనుకోవాల.

"రంగులు నాకెందుకప్పా,
కండ్లల్లో పొడి పడబట్టి ఇరవై ఏండ్లాయె."
కొంగుతో చెయ్యి తుడుచుకోని వంగింది సుంకులమ్మ.
వేలిముద్ర మిషను ఎప్పుడూ ఒప్పుకోని చెయ్యి అది.
బండ మీద పెడితే మాత్రం
ఇంకా ఎన్నో నంబరు రాయి పట్టాలో
చెప్పేస్తాదంట.

వేలి కొసతో అంచు తడిమింది.
చిటికెనేలి గోటితో లోపల మెల్లిగా గీకింది.
"దీంట్లో నాలిక ఉండాది."
పక్కదానికి జరిగింది.
"దీంట్లోనూ నాలికే."
ఇంకొకటి. గోరు టిక్కుమనింది.
"దీంట్లో నాలిక ల్యాదే! సన్నపళ్లు, వరసగా.
ఏమయ్యా లాలెప్పా,
నాలిక ఉండేదే కదా మాట్లాడేది!"

పదేండ్ల నుంచి
తిరిగి తిరిగి చెప్తాండాను నేను ఊరూరా.
ఇంత పొట్టిగా నాకెప్పుడూ రాలేదు.

నీలందాంట్లో పెట్టి మిషను లేపితే
పెన్‌డ్రైవు మిణుకుమనింది.
పేర్లు దిగినాయి వరసగా,
లాలెప్ప గొంతుకు తడి వచ్చింది:
మారెక్క ఆరు దినాలు,
చిన్న కుళ్లాయప్ప ఆరు,
సుంకులమ్మ నాలుగు.

"నాలుగా?"

రంపం ఎవరు ఆపినారో,
ఉన్నట్టుండి చెవుల్లో గాలి.
లాలెప్ప తెర పక్క చూస్తాండాడు,
తెర ఎవరి పక్కా చూడలేదు.

నెట్ బొక్కకు
ప్లాస్టరు ముక్క అతికిస్తా బల్ల కిందే ఉండిపోయినాను.
అక్కణ్ణుంచి ఆమె చెయ్యి ఒకటే కనపడుతుంది.
బొటనేలు నిదానంగా
కణుపు మీద నుంచి కణుపు మీదికి పోతాంది,
సోమవారం, మంగళవారం...
ముద్రలు అరిగిపోయినాయి గానీ
కణుపులు అరగలేదు.