గంటకు ఒకటి

బొమ్మనహళ్ళిలో మా గది కిటికీ
పక్కింటి నీళ్ల ట్యాంకు వైపు తెరుచుకుంటుంది.
ఆదివారం. కరెంటు ఉంది. మోటారు వంతు కూడా మాదే.
బకెట్లు నిండేలోపు
ఓబులమ్మ పాత జాకెట్టు కత్తిరించాను.
నెమలిపింఛం రంగు.
చంకల దగ్గర వెలిసిపోయింది గానీ
వీపు ముక్క ఇంకా పెళ్లికూతురే.

ఎనిమిదేళ్లుగా నేను కుట్టింది ఎడమ కఫ్ ఒక్కటే.
కుడి కఫ్ నా వెనక కూచునే రత్నవ్వది.
కాలర్ ఇంకో వరస. గుండీలు పై అంతస్తు.
చొక్కా మొత్తంగా ఎట్లుంటుందో
బస్సులో ఎవరైనా తొడుక్కుని నిలబడితే చూడాలి.
గంటకు తొంభై.
తగ్గితే మైకులో పేరు.

ఇంట్లో మిషను లేదు. సూది, దారం,
టేపు బదులు నా చెయ్యి.
రెండు ముక్కలు అతికితే రెండు జానల పొడవు,
నాలుగు వేళ్ల వెడల్పు.
మంచి వైపు లోపలికి మడిచి
అంచు వెంబడి చిన్న చిన్న కుట్లు.
కాలు మాత్రం ఊరుకోదు.
చాప మీద లేని పెడల్‌ను తొక్కుతూనే ఉంది.
చూసి ఓబులమ్మ నవ్వింది:
"మేయ్, నీ కాలికి ఓవర్‌టైం ఎవరిస్తారే?"

గొట్టం తయారైంది.
ఒక చివర పిన్నీసు గుచ్చి లోపలికి తోశాను.
కప్పను మింగిన పాములో లాగా
ఉబ్బు కదిలింది, ఆగింది.
వేలితో తడిమి తడిమి ముందుకు నెట్టాను.
అవతల మూతి బయటపెట్టాక పట్టి లాగితే
పింఛం రంగంతా ఒక్కసారి బయటికి తిరిగింది.
కుట్లన్నీ కడుపులోకి.

ఎలాస్టిక్ కొనలేదు.
కరోనా నాటి మాస్కుల కట్ట
ఇంకా ట్రంకు పెట్టె అడుగున ఉంది.
నాలుగు తాళ్లు కోసి, జంట పేట వేసి ముడేశాను.
అవి ఎంత కోసేవో
చెవుల వెనక చర్మానికే గుర్తు.

తాడు దూర్చి, చివరలు కలిపి,
మూతి మూశాక చూస్తే మెలి పడింది.
విప్పాను. మళ్లీ కుట్టాను. మళ్లీ మెలి.
మూడోసారి వదిలేశాను.
ఇక్కడ చెకింగ్ మేడమ్ లేదు,
ఎర్ర స్టిక్కరు అంటించి వెనక్కి పంపేవాళ్లు లేరు.
గోడ గడియారం చూశాను.
గంటకు ఒకటి.
ముడతలన్నీ ఒక వైపే గుమిగూడాయి.
"కాకరకాయ" అంది ఓబులమ్మ.
నేను బంతిపువ్వు అనుకున్నాను.

తీసుకో, నీ జాకెట్టే కదా, అన్నాను.
ఆమె తల తడుముకుంది.
కదిరిలో గుండు చేయించుకొచ్చి రెండు నెలలు.
ఎవరి కోసం మొక్కుకుందో చెప్పలేదు, నేనడగలేదు.
వేలికి చిక్కేంత కూడా లేదు వెంట్రుక.
కొప్పున్నమ్మ ఏ ముడి వేసినా అందమే.
లేనమ్మ సంగతి సామెతలో లేదు.
"పెరగదా ఏంది?" అని
ఎడమ మణికట్టుకు తొడుక్కుంది.

సోమవారం గేటు దగ్గర సెక్యూరిటీ
ఆమె చెయ్యి పట్టి ఆపినంత పని చేశాడు.
"ఏన్రీ ఇదు?"
"జుట్టుకి."
అతను ఆమె టోపీ వైపు చూశాడు.
టోపీ కింద ఏముందో అతనికేం తెలుసు.

సూపర్‌వైజరు మా వరసలోకి వస్తుంటే
ఓబులమ్మ దాన్ని మోచేతి దాకా తోసి
యూనిఫాం కోటు చెయ్యి కిందికి లాక్కుంది.
నేను కొత్త కట్ట విప్పాను.
ఎడమ కఫ్. ఎడమ కఫ్. ఎడమ కఫ్.
రెండు మిషన్ల అవతల
ఒక ఎడమ చేతి గుడ్డ కింద
చిన్న ఉబ్బు
కదిలింది, ఆగింది.