కడియం మొక్కతో వచ్చినవి

కడియం నర్సరీలో నలభై రూపాయల నీటిమొక్క.
తడి పేపర్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని
పాలకొల్లు తెచ్చాను, పురిటిబిడ్డలా.
మూడు నీళ్లలో కడిగాను. ఆకు వెనక చూడలేదు.

పదకొండో రోజు పొద్దున్న, పళ్లు తోముకుంటూ చూస్తే
తొట్టె అద్దం మీద ఆవగింజ.
చెరిపేద్దామని వేలు పెట్టాను.
ఆవగింజ నడిచింది.

నవ్వొచ్చింది. ఒక్కటే కదా, ఉండనీ అనుకున్నాను.
ఆ మాట నత్తలకి ఎవరు మోశారో,
పక్షం తిరిగేసరికి ఆకుల అడుగున
ఉడికిన సగ్గుబియ్యంలా గుడ్ల ముద్దలు.
మోటారు గొట్టంలో, గులకరాళ్ల సందుల్లో,
ప్లాస్టిక్ మొసలి నోట్లో కూడా కాపరాలు.
రాత్రి లైటు వేస్తే అద్దమంతా
ఎవరో తిరగమోత చిందించినట్టు.

చెప్పుకుంటే సిగ్గు. నేను చేసేది నీళ్ల పరీక్ష.
రోడ్డు పక్క షట్టరు గది, బల్ల నిండా సీసాలు.
లోసరి, పేరుపాలెం, మొగల్తూరు చెరువుల నీళ్లు
కూల్‌డ్రింకు బాటిళ్లలో వస్తాయి నా దగ్గరికి.
"నత్త పట్టిందండి, ఏం కొట్టమంటారు?"
తల ఎత్తకుండా చీటీ రాస్తాను:
మైలుతుత్తం, పిల్ల వదలకముందు, మంచి ఎండలో.
"ఆయ్" అని మడిచి జేబులో పెట్టుకుంటారు.
నా సంతకంతో ఎన్ని లక్షలు పోయాయో
ఏ రిజిస్టరులోనూ లేదు.

ఇంట్లోనూ అదే మందు చిటికెడు తీశాను.
రెండు గప్పీలు కడుపుతో ఉన్నాయి.
తోక చిరిగినది రేపో మాపో.
చిటికెడూ మళ్లీ డబ్బాలో పోశాను.
మూత బిగించాక కూడా వేళ్లకి నీలం.

దోసముక్కకి దారం కట్టి దింపమంది కరుణమ్మ,
సంతలో నత్తమాంసం అమ్మే మనిషి.
కోసిన చేలల్లో, బోదె గట్ల మీద
వంగి వంగి ఏరిన నడుము ఆమెది.
నా తొట్టె చూసి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది:
"వీటికా అమ్మా నిద్ర మానేశావు?
అన్నీ కలిపినా గరిటెడు కూరవ్వదు."
తర్వాత అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసి
"నత్త ఊరికే పెరగదు. మేత ఎక్కువైంది" అంది.

నిజమే. పొద్దున నేను, మధ్యాహ్నం మా ఆయన,
బడి నుంచి రాగానే చిన్నాడు,
ఎవరికి వారే "పాపం, తినలేదేమో" అని.
మిగిలిందంతా అడుక్కి చేరి
నత్తలకి నిత్యాన్నదానం.

మేత డబ్బా అటకెక్కింది.
రాత్రి దింపిన దోసముక్క తెల్లారి ఎత్తితే
విందు వాసన తగిలిన చుట్టాల్లా గుత్తులు గుత్తులు.
గ్లాసులోకి దులిపి కరుణమ్మ బాతులకి పంపేదాన్ని.
తగ్గాయి. పోలేదు.

మొన్న ఆదివారం గాలివాన. మధ్యాహ్నం పోయిన కరెంటు
అర్ధరాత్రికీ రాలేదు. మోటారు చప్పుడు లేక మెలకువ వచ్చింది.
కొవ్వొత్తి పట్టుకుని వెళితే
నత్తలన్నీ నీళ్లు వదిలేసి పైకెక్కి
అద్దం అంచున వరసగా అతుక్కుని ఉన్నాయి,
వరదకి ఏటిగట్టు ఎక్కిన ఊరిలా.

కింద చేపలు నోళ్లు తెరుస్తున్నాయి.

జిల్లా నీళ్లన్నీ సీసాల్లో పట్టి చూసేదాన్ని,
నా ఇంటి నీళ్లు ఒక్కనాడూ సీసాకెత్తలేదు.
చెంబుతో ముంచి, ఎత్తు నుంచి పోసి,
మళ్లీ ముంచి, మళ్లీ పోసి,
కోడికూతకి భుజం పడిపోయింది.
తోక చిరిగినది బతికింది, మొక్క చాటున ఏడు పిల్లలు.
రెండోది బతకలేదు.

సోమవారం లోసరి రైతు బాటిలు బల్ల మీద పెట్టి
"నత్త పట్టిందండి" అన్నాడు.
"నీళ్లలో ఉంటున్నాయా, గట్టెక్కుతున్నాయా?" అని అడిగాను.
చీటీకొస్తే ఇదేం ప్రశ్న అన్నట్టు
నా ముఖంలోకి చూశాడు.
నేనూ అతని ముఖం చూడ్డం అదే మొదలు.
పెన్ను మూత ఇంకా తియ్యలేదు.