ఎనిమిది నలభై గూడ్సు

మంగళవారం రాత్రి షాపు షట్టరు సగం దించి
బిళ్ళలు లెక్కపెట్టే బల్ల మీద లాప్‌టాప్ తెరుస్తాను.
మిసిసిపీ డెల్టాలో, పత్తిచేల నడుమ,
మూడు చర్చిలూ ఒక పెట్రోలు బంకూ ఉన్న హోలీ క్రీక్‌లో
మందుల షాపు నాదొక్కటే.

పాఠం జాక్సన్ నుంచి వస్తుంది.
డాక్టర్ లవోన్ ప్రూయిట్, మెడలో కళ్ళజోడు గొలుసు,
హెచ్ఐవి ఉన్న తల్లి బిడ్డను ఆరోగ్యంగా ఎలా పెంచుకోవాలో చెబుతుంది.
నర్సులు రావచ్చు, తల్లులు రావచ్చు,
మొహం చూపక్కర్లేదు, పేరు చెప్పక్కర్లేదు.

మొదటి వారమే నేను మైకు తెరిచాను.
"పసిగుడ్డు సిరప్పు ఉమ్మేస్తే మళ్ళీ పట్టాలా?"
గూడ్సు కూత అయ్యేదాకా ఆగి, మళ్ళీ అడిగాను.
పోతూ పోతూ ఇంకో మాట కూడా అన్నాను:
"మా ఊళ్ళో ఎవరికీ లేదు లెండి. తెలిసుంటే మంచిదని."
ఆ మందు సీసా
పదకొండేళ్ళలో నా అలమారలోకి ఒక్కసారీ రాలేదు మరి.

నాలుగో వారం
నల్లటి గడిలో పేరుకి బదులు ఒక చుక్క.
చుక్క గొంతు విప్పింది:
"నేను పాలివ్వొచ్చా?"
డాక్టరు తొందరపడలేదు.
మందు రోజూ పడుతూ, రక్తంలో వైరస్ కనబడకుండా ఉంటే
పాల వల్ల బిడ్డకు సోకడం నూటికి ఒకటి కన్నా తక్కువ,
సున్నా మాత్రం కాదు,
ఎటైనా సరే, నీతో కూర్చుని ఆలోచిస్తాం అంది.
"అయితే..." అని చుక్క ఏదో అనబోయింది.
అప్పుడు కూసింది గూడ్సు.
ముందు నా కిటికీలోంచి.
అర సెకను తర్వాత
నా హెడ్‌ఫోన్లలోంచి.

ఒక్కటే రైలు.

డబ్బా మీద రాతలేమీ లేకుండా
దూరపు నగరాల నుంచి పోస్టులో మందులు తెప్పించుకుంటారని
రెండో పాఠంలో రాసుకున్నాను కూడా.
రాసుకుని, కింద గీత గీసి, పేజీ తిప్పేశాను.
ఇప్పుడెక్కడుంది? లైబ్రరీ మూసేశాక కూడా వైఫై అందే చోట
కారులో దీపం ఆర్పుకుని కూర్చుందా?
కిటికీ దాకా వెళ్ళాను. తెర తియ్యలేదు.
నలుగురి నోళ్ళలో నానడమంటే ఏమిటో నాకూ తెలుసు.

పత్తి తీతలు ముగిశాయి.
ఒక సాయంత్రం షట్టరు దించబోతుంటే ఒకామె,
చేతి బుట్టలో దుప్పటి చుట్టిన పసికందు.
"ఒక మిల్లీలీటరు సిరంజిలు. సూది లేనివి."
ఎందుకని అడగలేదు.
ఉగ్గుగిన్నెతో ఆముదం పట్టే మా నాయనమ్మ చెయ్యి
నా చేతిలోకి వచ్చినట్టయింది.
నాలుక మీద కాదమ్మా, బుగ్గ లోపలికి, కొంచెం కొంచెంగా.
ఆమె గోటితో చూపిన గీత దగ్గర
పసుపు టేపు చుట్టి ఇచ్చాను.

డబ్బులిస్తూ అంది:
"మీ సిరప్పు ప్రశ్న నాకు పనికొచ్చింది.
మీకూ రైలు బాగా గట్టిగానే వినబడుతుంది కదా."

ఈ ఊళ్ళో ఇలాంటి యాస నా ఒక్కదానిదే.
నేను కాపాడుతున్నాననుకున్న రహస్యాన్ని
ఆమె నాకన్నా మూడు వారాల ముందు నుంచీ మోస్తోంది,
"ఎవరికీ లేదు లెండి" అన్న నా మాటతో సహా.
తెలిసే, ఆ రాత్రి గొంతు విప్పింది.

మా ఇంట్లో బియ్యం అయిపోతే లేవు అనకూడదు,
నిండుకున్నాయి అనాలి.
అలా పెంచారు నన్ను.
ఎంత తేలిగ్గా అనేశానో.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక చిల్లర రెండుసార్లు లెక్కపెట్టాను.
ఆమె దుప్పటి అంచు తొలగించింది.
పైపెదవి మీద పాల పొక్కు, బిగించిన పిడికిలి, నిద్ర.
"రెండు వారాల పరీక్షలో లేదు," అంది.
"ఇంకా ఉన్నాయి పరీక్షలు."

లేదు.
ఆ మాట ఇంత నిండుగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు నాకు.

ఆ రోజు మంగళవారం.
పాఠానికి ఇంకా పావుగంట ఉంది.
లోపల ఇంకో స్టూలు ఉంటే తెచ్చి
బల్ల పక్కన పెట్టాను.
కూర్చోమనలేదు.
షట్టరు మాత్రం పూర్తిగా దించాను.