గుణుపురంలో మెక్సికో కూర

బస్టాండు పక్క జంబోతి
మానెడు ఎర్రగింజలు కొలిచి
కొసరు గుప్పెడు పోసింది.
రాత్రంతా నానేశాను. పొద్దున్న కుక్కరు ఆరు కూతలు,
విశాఖ బండి కన్నా రెండెక్కువ.

ఫోన్లో అమ్మాయి ఒరెగానో అంది.
పెరట్లో వామాకుంది, అదే తుంపాను.
జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి నూరి
గరిటె వెనకతో సగం గింజలు మెదిపి
నిమ్మకాయ పిండాను.

"ఏటే ఇది?"
"మెక్సికో కూర."
మా ఆయన ముద్ద కలుపుతూ
"బరంపురం దాటాకా?" అన్నాడు.

సాయంత్రం జంబోతికి గిన్నెడు పట్టుకెళ్ళాను.
వేలితో నాకింది. నవ్వలేదు.
ఉప్పు చాల్లేదని ఒడియాలో అంది,
మళ్ళీ నాకోసం తెలుగులో.

గిన్నె ఇంకా
తన దగ్గరే ఉంది.