పై పన్ను

బ్రాడీపేట నాలుగో లైనులో నా క్లినిక్.
డ్రిల్లు చప్పుడు బయటివాళ్ళని భయపెట్టకుండా
వరండాలో ఒక చిన్న స్పీకరు.
వినీల ఎక్కడిదో పెన్‌డ్రైవ్ తెచ్చి గుచ్చింది.
నలభై ఒక్క పాటలు, అన్నిట్లోనూ శాక్సఫోనే,
పేర్లు లేవు, అంకెలే.
రెండేళ్ళుగా మోగుతోంది.
నేను ఫ్యానుని విన్నట్టు విన్నాను.

ఆషాఢం. మధ్యాహ్నం.
మిర్చి యార్డు వైపు నించి గాలి తిరిగితే
లైను లైనంతా దగ్గుతుంది.
దేవసహాయం గారు చెప్పులు గుమ్మం బయట విడిచి
బెంచీ మీద కూర్చోకుండా స్పీకరు కింద నిలబడ్డారు,
కదిలే పన్నుని నాలికతో తోసుకుంటూ.
సంగడిగుంట. అరవై మూడేళ్ళు.
వృత్తి అన్నచోట వినీల ‘బ్యాండు’ అని రాసింది.

“వీడి గాలి వినపడుతుందమ్మా,” అన్నారు కుర్చీలో వాలుతూ.
“స్వరం అయిపోయాక కూడా
ఇంకాస్త ఊపిరి ఊరికే వదిలేస్తున్నాడు.
మాకు ముందు గుర్రం, వెనక జనరేటరు.
మా గాలి మాకే తెలీదు.”

పై వరస, ముందు పన్ను, ఎడమది.
వేలు తగిలితే ఊగింది, పాత తలుపు గడియలా.
తీసెయ్యాలండీ, అన్నాను.
ఆయన జేబులోంచి రుమాలు తీసి విప్పారు.
లోపల నల్లటి పీక.
దాని వీపు మీద పక్కపక్కనే రెండు గుంటలు,
రోలు అరిగినంత నున్నగా,
నలభై ఏళ్ళు ఆ పళ్ళు ఆనుకున్న చోట.
ఒక్కో గుంటలో ఎన్ని పెళ్ళిళ్ళు పడతాయో
లెక్కగట్టబోయి మానేశాను.

“శ్రావణం ముహూర్తాల దాకా ఆగుద్దా ఇది?”

నేను నోరు తెరిచేలోపు పాట మారింది.
వెనక డ్రమ్ము మీద ఎవరో పిండి జల్లిస్తున్నారు, తీరిగ్గా.
గిటారు ఒక అడుగు వేసి,
వేయనట్టే నటించి, మళ్ళీ వేసింది.
బోసా నోవా అంటారు మేడమ్, అంది వినీల తలుపు దగ్గర్నించి.
ఆయనకి పేరు అక్కర్లేకపోయింది.
“దీనికి ఊరేగింపు కదలదు,” అన్నారు.
కాసేపాగి,
“ఎవరూ ఎక్కడికీ నడవక్కర్లేని పాట.”

మీరు నెమ్మదిగా వాయించిందెప్పుడు, అడిగాను దూది సర్దుతూ.
శవాల ముందు, అన్నారు.
అప్పుడైనా మోసేవాళ్ళ భుజాలు చూసి
కాస్త తొందరపెట్టేవాళ్ళమని.
ఒక్కసారి మాత్రం పెదకాకానిలో,
అప్పగింతలయ్యాక వ్యాను రాలేదు.
షామియానా విప్పినవాళ్ళు ఆ గుడ్డల మీదే నిద్రపోయారు.
కుర్చీల గుట్ట పక్కన
తనొక్కడే, తనకోసం, ఒకటి పట్టుకున్నారట.
“పావుగంట అయ్యుంటుంది.
ఏం వాయించానో మాత్రం...”
చెయ్యి గాల్లో ఒకసారి తిప్పి దించేశారు.

తీయడానికే వేశాను సూది.
పెదవి మొద్దుబారాక తడిమి చూసుకున్నారు,
ఇంకెవరి మొహాన్నో తడిమినట్టు.
“నాది పోయింది డాక్టరమ్మా.
ఇప్పుడు వాడి పెదవితో వింటున్నా.”
నవ్వు ఒక పక్కే వచ్చింది.

పటకారు ట్రేలో పెట్టేశాను.
పక్క పళ్ళకి సన్నటి తీగ చుట్టి ఆ పన్నుని నిలబెట్టాను.
మా ప్రొఫెసరు చూస్తే ఒప్పుకోడు.
బిగిస్తున్నంతసేపూ
కుర్చీ చేతి మీద ఆయన వేళ్ళు
లేని మీటల్ని నొక్కుతూనే ఉన్నాయి,
పాట కంటే రవ్వంత ఆలస్యంగా,
దారి తెలిసినవాడి వెనక నడిచే మనిషిలా.

జొన్నరొట్టె కొరకద్దు, జామకాయ ముట్టుకోవద్దు, అన్నాను.
శాక్సు గురించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

చెప్పులు వేసుకుని మళ్ళీ స్పీకరు కింద ఆగారు.
పంతొమ్మిదో అంకె నడుస్తోంది.
స్వరం సన్నబడి అయిపోయింది.
ఆ మిగిలిన ఊపిరి కోసం ఇద్దరం చూశాం.
“అదిగో,” అన్నారు, వేలు పైకెత్తి.

నాకు ఆటో హారను వినపడింది.
వినీలని మళ్ళీ మొదట్నించి పెట్టమన్నాను.